కొబ్బరి చెట్టు గానోడెర్మా, క్యాన్సర్ కణాలు: ఒక ప్రాజెక్టు డైరీ

జులై, అంబాజీపేట దగ్గర ఒక తోట

కోనసీమ కొబ్బరి రైతుకు ఈ పుట్టగొడుగు కనిపించిందంటే చెట్టు చేయి దాటిపోయినట్టే. ముందు మాను మొదట్లో ఎర్రటి బంక కారుతుంది. కింది ఆకులు వాడి మానుకు ఆనుకుని వేలాడతాయి, పిందెలు రాలిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడో, వానలు పడ్డాక, నేలకు జానెడు ఎత్తులో అర్ధచంద్రాకారంలో ఒక పలక బయటికి పొడుచుకొస్తుంది. పైభాగం ముదురు ఎరుపు, నున్నగా మెరుస్తుంటుంది. పెరుగుతున్న అంచు మాత్రం తెల్లగా మెత్తగా ఉంటుంది. గోరుతో గీస్తే ఆ గీత గోధుమరంగుకు తిరిగి అలాగే ఉండిపోతుంది. ఇదే గానోడెర్మా అనే శిలీంద్రం. 1952లో తంజావూరు ప్రాంతంలో కొబ్బరికి సోకడంతో ఈ తెగులును తంజావూరు విల్ట్ అని కూడా అంటారు.

నా ఎంఎస్సీ ప్రాజెక్టు దీని మీదే. ఈ పలకల నుంచి రెండు రకాల సారాలు తీయాలి. ఒకదాన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద, రెండోదాన్ని రోగనిరోధక కణాల మీద వేసి ఏం జరుగుతుందో చూడాలి. ఇదే ప్రజాతికి చెందిన గొడుగును చైనాలో లింగ్‌ఝి అని, జపాన్‌లో రేషి అని వందల ఏళ్లుగా మందుగా వాడుతున్నారు. మన దగ్గర అది తెగులు. తోటలో నరికి కాల్చేస్తున్న దానిలో ఏముందో చూడాలన్న ఆలోచన మా మేడమ్‌ది. నేను పుట్టి పెరిగింది ఈ లంకల్లోనే కాబట్టి సేకరణ నాకు అప్పగించారు.

రైతుతో మొదట మాట్లాడాల్సింది గొడుగు గురించి కాదు, మందుల గురించి. తెగులు పట్టిన చెట్టుకు వేరు ద్వారా హెక్సాకొనజోల్ అనే శిలీంద్రనాశిని ఎక్కిస్తారు. మాను మొదట్లో రాగి ఉన్న బోర్డో పేస్టు పూస్తారు. అలాంటి చెట్టు మీద కోసిన గొడుగు సారం క్యాన్సర్ కణాలను చంపితే, చంపింది గొడుగో, శిలీంద్రనాశినో, రాగి లవణమో ఎలా చెప్పగలం? అందుకే ఏ మందూ తగలని చెట్లే కావాలి.

"తెగులు పట్టిన చెట్టు దగ్గర మీకేం పనండీ?" అన్నారు తోట యజమాని. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, గట్టు చివర, బోదె పక్కన ఉన్న చెట్లు చూపించారు. అవి ఎలాగూ పోతాయని వాటికి ఏమీ వేయలేదట. వేపపిండి, ట్రైకోడెర్మా మాత్రం తోటంతా చల్లారు. ట్రైకోడెర్మా కూడా శిలీంద్రమే. కాబట్టి అదీ నోట్సులోకి ఎక్కింది.

చిన్న రంపంతో కోశాం. ప్రతి పలకకూ ఫొటో, చెట్టు వయసు, మానుకు ఏ వైపు పుట్టింది అన్న వివరాలు రాసుకుని, కాగితపు సంచిలో పెట్టాం. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమర్చి బూజు పడుతుంది. లోపలి మెత్తని భాగంలోంచి బియ్యపు గింజంత ముక్క తీసి బంగాళాదుంప ఆగార్ మీద పెట్టాం. తెల్లని మైసీలియం, అంటే శిలీంద్రపు దారాల అల్లిక, పెరిగితే దాన్నుంచి డీఎన్‌ఏ తీయాలి.

ఆగస్టు, ఎండబెట్టడం, పొడి చేయడం

పలకల్ని సన్నగా చెక్కి 50 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టాం. ఎండితే చెక్క కంటే గట్టిగా తయారవుతాయి. వీటిని మిల్లులో వేస్తే పొడి రాదు. ఏకిన దూదిలా, లేత గోధుమరంగు నార వస్తుంది. చెక్కలోని లిగ్నిన్‌ను తిని బతికే ఈ శిలీంద్రం తన శరీరాన్ని కూడా గట్టి పీచు గొట్టాలతోనే అల్లుకుంటుంది. జల్లెడ పట్టడానికి లేదు, చెంచాతో కొలవడానికీ లేదు. తూకం మీదే ఆధారపడాలి.

ఈ నారను రెండు వాటాలు చేశాం.

మొదటి వాటా ఇథనాల్‌లో. షేకర్ మీద పెట్టి, వడకట్టి, మళ్లీ కొత్త ఇథనాల్ పోసి, చివరికి అంతా కలిపి రోటరీ ఎవాపొరేటర్‌లో తక్కువ వేడి మీద ఇగరబెట్టాం. ఫ్లాస్కు అడుగున ముదురు గోధుమరంగు జిగట మిగిలింది. ట్రైటర్పీన్లు ఇందులోకి వస్తాయి. గానోడెరిక్ ఆమ్లాలు ఆ కోవలోవే. 1982లో జపాన్ శాస్త్రవేత్తలు వీటిలో మొదటి రెండింటిని వేరుచేశారు. ఈ గొడుగు చేదుకు కారణం ఇవే. ఆ తర్వాత ఇలాంటివి వందకు పైగా బయటపడ్డాయి.

రెండో వాటా వేడినీళ్లలో. ఒక వంతు పొడికి ఇరవై వంతుల నీళ్లు, మరిగే వేడికి కాస్త తక్కువలో కొన్ని గంటలు. వడకట్టిన నీటిని నాలుగో వంతుకు ఇగిర్చి, చల్లారాక దానికి నాలుగింతల చల్లని ఇథనాల్‌ను మెల్లగా పోస్తూ కలపాలి. ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే. టీ రంగులో స్వచ్ఛంగా ఉన్న ద్రవంలో, ఇథనాల్ పడుతున్న చోట ముందు మబ్బు కమ్మినట్టవుతుంది, తర్వాత తెల్లని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని కిందికి జారతాయి. గాజు కడ్డీతో తిప్పితే కొన్ని కడ్డీకే చుట్టుకుంటాయి. ఇవే పాలీశాకరైడ్లు, అంటే పొడవాటి చక్కెర గొలుసులు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, ప్రోటీన్ తీసేయడానికి క్లోరోఫామ్–బ్యుటనాల్‌తో కడిగి, డయాలసిస్ గొట్టంలో పోసి నీళ్లు మారుస్తూ ఉంచి, చివర్లో ఫ్రీజ్‌డ్రై చేశాం. ఎంతో నార నుంచి చేతిలోకి వచ్చింది చిటికెడు పొడి.

ఆగస్టు చివర, రెండు సారాలు ఎందుకంటే

ప్రతిపాదన సమర్పించేటప్పుడు కమిటీలో ఒకరు అడిగారు: క్యాన్సర్ కణాలను చంపేది ట్రైటర్పీన్లయితే చక్కెర గొలుసులతో పనేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. సమాధానం జపాన్ అనుభవంలో ఉంది కాబట్టి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

టోక్యోలోని జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థలో గోరో చిహారా బృందం షిటాకే పుట్టగొడుగు నుంచి లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను (ఇదీ ఒక చక్కెర గొలుసే) వేరుచేసి, ఎలుకల్లో సార్కోమా 180 కణితిని అది అడ్డుకుంటోందని 1969లో నేచర్ పత్రికలో ప్రచురించింది. ఇందులో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే లెంటినాన్ కణితి కణాలను నేరుగా చంపదు. గాజు పాత్రలో కణాల మీద పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. ఎలుక శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ బాగుంటేనే అది పనిచేస్తుంది. జపాన్‌లో అది 1985లో జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఇచ్చే ఇంజెక్షన్‌గా అనుమతి పొందింది. అంతకు ముందే 1977లో ట్రామెటిస్ వర్సికలర్ అనే గొడుగు నుంచి తీసిన పీఎస్‌కే నోటి మందుగా వచ్చింది. 1986లో స్కిజోఫిల్లమ్ కమ్యూన్ నుంచి స్కిజోఫిల్లాన్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు. ఈ స్కిజోఫిల్లమ్ మనకు కొత్త కాదు. వానాకాలంలో ఎండు కొమ్మల మీద బూడిదరంగులో, విసనకర్రల్లాంటి చిన్న గొడుగులు గుంపులుగా పుడతాయి కదా, అదే. మణిపూర్‌లో కంగ్లాయెన్ అనే పేరుతో వండుకు తింటారు.

అంటే పుట్టగొడుగు నుంచి మందుగా ఆసుపత్రి దాకా చేరినవి ఏవి? కణాలను నేరుగా చంపేవి కాదు, ఒంట్లోని సైన్యాన్ని లేపేవి. అవి కూడా ఒంటరిగా కాదు, అసలు చికిత్సకు తోడుగా. గ్లూకాన్‌ను మన మాక్రోఫేజ్‌లు (చొరబడిన క్రిములను మింగేసే రోగనిరోధక కణాలు) ఎలా గుర్తుపడతాయో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. 2001లో డెక్టిన్-1 అనే గ్రాహకం బయటపడ్డాక దారి కనిపించింది. అసలు అది శిలీంద్రాలు మన ఒంట్లోకి చొరబడితే పట్టుకోవడానికి ఉన్న ఏర్పాటు.

ఇది తెలిసి కూడా క్యాన్సర్ కణాల ప్లేటు ఒక్కటే చేస్తే, లెంటినాన్ లాంటిది కళ్ల ముందున్నా "పనిచేయదు" అని రాసి పక్కన పెట్టేస్తాం. అందుకే రెండు సారాలు, రెండు రకాల కణాలు.

సెప్టెంబరు, కణాలు వచ్చాయి

పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం నుంచి తెచ్చుకున్న ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలు మా ల్యాబ్‌లో ముందు నుంచీ ఉన్నాయి. పోల్చి చూడటానికి హెచ్‌ఈకే 293 తీసుకున్నాం. చాలా పేపర్లలో దీన్ని "సాధారణ కణం" అని రాసేస్తారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. పిండపు మూత్రపిండ కణాల్లోకి అడినోవైరస్ డీఎన్‌ఏ చొప్పించి తయారుచేసిన కణాలివి. అలా మారడం వల్లే అంతూ పొంతూ లేకుండా పెరుగుతున్నాయి. ఒంట్లో ఉండే మామూలు కణానికి ప్రతినిధి అనలేం. "క్యాన్సర్ రోగి నుంచి తీయని కణం" అన్నంత వరకే నా రికార్డులో రాస్తున్నాను.

కణాలు పెంచడంలో టెన్షన్ అంతా శుభ్రత గురించే. నేను చేస్తున్నది శిలీంద్రాల మీద ప్రాజెక్టు. కణాలకు మొదటి శత్రువు కూడా శిలీంద్రాలే. అందుకని గొడుగు పొడి ఉన్న గది వేరు, కణాల గది వేరు. పొద్దున కణాల పని, మధ్యాహ్నం గొడుగుల పని. ఈ వరుస తిరగబడకూడదని మేడమ్ తలుపు మీదే రాసి అతికించారు.

సెప్టెంబరు చివర, ఊదారంగు ప్లేటు

ఎంటీటీ పరీక్ష 1983 నుంచి వాడుకలో ఉంది. 96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు సుమారు పదివేల కణాలు వేసి, రోజంతా అతుక్కోనివ్వాలి. తర్వాత వేర్వేరు మోతాదుల్లో సారం వేసి 48 గంటలు ఉంచాలి. అప్పుడు ఎంటీటీ అనే పసుపు రంగు ద్రావణం వేస్తే, బతికున్న కణం తన ఎంజైములతో దాన్ని ఊదా రంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. మూడు నాలుగు గంటలయ్యాక ద్రవం తీసేసి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంతో స్ఫటికాలను కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఊదా ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ మంది బతికున్నట్టు లెక్క.

మా ప్లేటులో ఒక అంచు వరుస మొత్తం కణాలు లేని గుంటలు. అందులో సారం, మీడియం, ఎంటీటీ మాత్రమే. ఇది మేడమ్ పట్టుబట్టి పెట్టించే వరుస. ప్లేటు ఇన్‌క్యుబేటర్ నుంచి తీసి తెల్లకాగితం మీద పెట్టి చూస్తే, ఆ వరుసలో కూడా ఊదా ఉంది! సారం మోతాదు పెరిగేకొద్దీ రంగు చిక్కబడుతోంది. పిల్లకణం కూడా లేని చోట "బతికున్న" రంగు.

కారణం తెలిసిందే. పుట్టగొడుగు సారంలో ఫినాల్ పదార్థాలు ఉంటాయి. యాంటీఆక్సిడెంట్లని అందరూ మెచ్చుకునేవి ఇవే. ఎలక్ట్రాన్లు ఇవ్వడం వాటి పని. కణం చేయాల్సిన పనిని అవి స్వయంగా చేసి ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. దాంతో చచ్చిన కణాలు కూడా లెక్కలో బతికే ఉంటాయి. ఈ వరుస లేని ప్లేటు నుంచి వచ్చిన అంకెను ఎంత దూరం నమ్మాలో నాకు ఇప్పుడు అర్థమైంది. పేపర్లు చదివేటప్పుడు ముందు పద్ధతుల పేజీకి వెళ్లి, కణాలు లేని గుంటలు పెట్టారా లేదా అని వెతకడం అలవాటైపోయింది. చాలాచోట్ల ఆ మాటే ఉండదు.

పరిష్కారం రెండు విధాలుగా చేశాం. ఎంటీటీ వేయడానికి ముందు సారం ఉన్న మీడియం తీసేసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో మెల్లగా కడిగాం. విసురుగా కడిగితే కణాలే లేచిపోతాయి, పిపెట్ మొనను గుంట గోడకు ఆనించి వదలాలి. రెండోది, అదే ప్రయోగాన్ని సల్ఫోరోడమిన్ బీతో మళ్లీ చేశాం. అది కణంలోని ప్రోటీన్‌కు అంటుకునే గులాబీ రంగు. ఎంజైములతో, ఎలక్ట్రాన్లతో దానికి పని లేదు. రెండు పద్ధతుల ఫలితం ఒకే వైపు చూపిస్తేనే నోట్‌బుక్‌లో ఫలితం అని రాయాలని నిర్ణయించుకున్నాం.

అక్టోబరు, మొదటి ఫలితం

వేడినీటి సారం ఎంసీఎఫ్-7 కణాలను ఏమీ చేయలేదు. ఎక్కువ మోతాదులోనూ అవి హాయిగా పరుచుకుని ఉన్నాయి. ఇది ఊహించిందే.

ఇథనాల్ సారం చంపింది. మైక్రోస్కోపు కింద తేడా స్పష్టంగా కనిపిస్తోంది. సారం లేని గుంటలో కణాలు ఒకదానికొకటి ఆనుకుని రాళ్లు పరిచిన బాటలా ఉంటే, సారం వేసిన గుంటలో ముడుచుకుని గుండ్రంగా అయ్యి, అడుగు వదిలి తేలుతున్నాయి. పొర మీద బుడగలు లేచిన కణాలూ ఉన్నాయి. పోలిక కోసం డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు వేసిన వరుసలో ఇదే దృశ్యం దాని కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులో వచ్చింది.

ల్యాబ్‌లో జూనియర్లు సంబరపడ్డారు. నేను పక్కన ఉన్న హెచ్‌ఈకే ప్లేటు కోసం ఎదురుచూస్తున్నాను. మర్నాడు అది కూడా చదివాం. హెచ్‌ఈకే కణాలు కూడా దాదాపు అదే మోతాదులో చచ్చాయి. రెండు గీతలు గ్రాఫు మీద ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

ముడి సారానికి మిల్లీలీటరుకు 30 మైక్రోగ్రాముల లోపే సగం కణాలు చావాలన్నది ఈ రంగంలో చాలామంది పాటించే కొలమానం. మా సారం ఆ కొలమానాన్ని అందుకోలేదు, సగం కణాలు చావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. కానీ నా దృష్టిలో అసలు సమస్య ఆ అంకె కాదు. రెండు రకాల కణాలకూ తేడా చూపించకపోవడమే సమస్య.

కణాన్ని చంపడం కష్టమైన పని కాదు. డెటాల్ వేసినా చస్తుంది, కాస్త ఎక్కువ డీఎంఎస్‌ఓ వేసినా చస్తుంది. పుట్టగొడుగుల్లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. రాత్రిపూట వెలుగులు చిమ్మే ఓంఫలోటస్ అనే విషపు గొడుగు నుంచి ఇల్యుడిన్ అనే పదార్థాన్ని 1950లో వేరుచేశారు. క్యాన్సర్ కణాలను అతి తక్కువ మోతాదులోనే చంపుతుంది, కానీ మిగతా కణాలనూ వదలదు. దాని అణువును మార్చి ఇరోఫుల్వెన్ అనే మందు తయారుచేశారు. అది మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లింది. కంటిలోని రెటీనాను దెబ్బతీయడం లాంటి దుష్ఫలితాలు ఎదురయ్యాయి. పాంక్రియాస్ క్యాన్సర్ మీద మూడో దశ ట్రయల్‌ను 2002లో ఆపేశారు. ప్లేటులో అంత గొప్పగా పనిచేసి, కంపెనీలు వెనకుండి, రసాయన శాస్త్రవేత్తలు అణువును సవరించి కూడా అది మందుల షాపు దాకా రాలేదు. మన ముడి సారం ఉన్నది ఈ దారి మొదట్లో కూడా కాదు, దారికి అవతల గట్టు మీద.

నవంబరు, ఇంటి నుంచి ఫోన్

ఈ ఎంట్రీలో ప్రయోగం లేదు, అయినా రాయాలి.

మా ఊళ్లో నేను మావయ్యా అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. ఆయన భార్యకు కీమో నడుస్తోంది. నా ప్రాజెక్టు సంగతి అమ్మ చెప్పిందట. ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆ చెట్టు గొడుగు మన తోటలోనే బోలెడుంది. ఎండబెట్టి పొడి కొట్టి అత్తయ్యకు పాలల్లో కలిపి ఇవ్వమంటావా?" అన్నారు.

"వద్దు మావయ్యా, ఒక్క చెంచా కూడా వద్దు" అన్నాను. ఆయన ఊరుకోలేదు. "మరి నువ్వే కదా క్యాన్సర్ కణాలు చస్తున్నాయన్నావట?"

ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, ఇలాంటి ఫోన్లు ఇంకెవరికైనా వస్తాయి కాబట్టి. ఒకటి, ఆ సారం చంపుతున్నది క్యాన్సర్ కణాలను మాత్రమే కాదు. రెండు, మన తోటలో చెట్లకు ఎక్కించిన మందు, పూసిన రాగి ఆ గొడుగులో ఎంత చేరిందో ఎవరూ కొలవలేదు. పుట్టగొడుగులు నేలలోని భారలోహాలను కూడా పీల్చి దాచుకుంటాయి. మూడు, పేరున్న రేషి విషయంలోనే జాగ్రత్త చెప్పే సంఘటనలున్నాయి. లింగ్‌ఝి పొడి వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు ప్రచురించారు. థాయ్‌లాండ్ కేసులో మనిషి చనిపోయారు. కీమో మందులను విడగొట్టేది కూడా కాలేయమే. దాని మీద ఇంకో బరువు పెట్టకూడదు.

ఇక లింగ్‌ఝి నిజంగా రోగులకు మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు, 2012లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (వైద్య ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి బేరీజు వేసేది) అప్పటి వరకూ జరిగిన ట్రయల్స్ జల్లెడ పట్టింది. లెక్కలోకి తీసుకోదగ్గవి 5 దొరికాయి, అన్నింటిలో కలిపి 373 మంది. చికిత్సకు తోడుగా ఇస్తే కొందరిలో స్పందన మెరుగ్గా ఉండొచ్చని, దీన్నే మొదటి చికిత్సగా వాడటానికి ఆధారాలు చాలవని తేల్చింది. ట్రయల్స్ నాణ్యత కూడా అంతంత మాత్రమేనని చెప్పింది. ఇది శుద్ధి చేసి, మోతాదు కొలిచి తయారుచేసిన ఉత్పత్తుల సంగతి. తోటలో కోసిన పలక సంగతి కాదు.

"ఆసుపత్రిలో డాక్టరు గారిని అడగకుండా ఏ పొడీ ఇవ్వకండి, ఇప్పటికే ఏమైనా ఇస్తుంటే దాచకుండా ఆయనతో చెప్పండి" అన్నాను. సరేనన్నారు. గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది. ఆశతో అడిగిన మనిషికి వద్దు అని చెప్పడం బాధే. కానీ ఆశ పేరు మీద పొడులు అమ్మే వాళ్ల ప్రకటనలు వాట్సాప్‌లో ఆయనకు రోజూ వస్తున్నాయి. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి చెప్పే వాళ్లు ఆయన చుట్టూ ఒక్కరూ లేరు. కార్డిసెప్స్ అనే ఇంకో శిలీంద్రాన్ని గదుల్లో పెంచి అమ్ముతున్న వాళ్లదీ ఇదే ధోరణి. అందులోని కార్డిసెపిన్ అసలైన అణువే, దాన్ని 1950లోనే కనుక్కున్నారు. కానీ మన రక్తంలోని అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైము దాన్ని నిమిషాల్లో పనికిరాకుండా చేస్తుంది. ఆ ఎంజైముకు దొరక్కుండా అణువును మార్చిన ఎన్‌యూసీ-7738 అనే రూపం ఇప్పుడు ట్రయల్స్‌లో ఉంది. మందు అవుతుందేమో చూడాల్సింది దాన్ని, డబ్బాలో అమ్మే పొడిని కాదు.

డిసెంబరు, మాక్రోఫేజ్‌లు

ఇప్పుడు వేడినీటి సారం వంతు. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలను తీసుకున్నాం. వీటిని ఏదైనా రెచ్చగొడితే నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తాయి. అది మీడియంలో నైట్రైట్‌గా మారుతుంది. దానికి గ్రీస్ రీఏజెంట్ కలిపితే గులాబీ రంగు వస్తుంది, 540 నానోమీటర్ల దగ్గర చదవొచ్చు.

గులాబీ వచ్చింది, బాగా వచ్చింది. మోతాదు పెంచితే రంగు పెరిగింది. క్యాన్సర్ కణాల ప్లేటులో ఏమీ చేయని ఆ చిటికెడు తెల్లపొడి మాక్రోఫేజ్‌లను లేపింది. జపాన్ వాళ్లు చెప్పిన కథ మన కోనసీమ గొడుగులోనూ నడుస్తోందని అనిపించే క్షణం అది.

అయితే పక్క వరుసలో ఇంకో ఏర్పాటు ఉంది. మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టడంలో గ్లూకాన్ కంటే బలమైనది బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్. బురదనేలకు జానెడు ఎత్తులో వానకు తడిసిన పలక మీద బ్యాక్టీరియాకు కొదవా? మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, దాని ఎండోటాక్సిన్ మాత్రం చావదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్‌ను కూడా తట్టుకుంటుంది. గాజు సామాను మీద దాన్ని వదిలించాలంటే 250 డిగ్రీల పొడి వేడి కావాలి. పైగా అది కూడా ఇథనాల్‌లో చక్కెర గొలుసులతో పాటే కిందికి దిగుతుంది. అందుకే అదే సారాన్ని పాలీమిక్సిన్ బీ కలిపి కూడా పరీక్షించాం. పాలీమిక్సిన్ ఎండోటాక్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు, గ్లూకాన్‌ను ముట్టుకోదు.

పాలీమిక్సిన్ ఉన్న వరుసలో గులాబీ సగానికి పైగా తగ్గిపోయింది.

అంటే మనం గొడుగు గొప్పతనం అనుకున్నదానిలో పెద్ద వాటా బ్యాక్టీరియాది. మిగిలిన కొంత గ్లూకాన్‌ది కావొచ్చు. ఆ "కావొచ్చు"ను తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మైసీలియంను ల్యాబ్‌లో శుభ్రమైన మీడియంలో పెంచి, ఎండోటాక్సిన్ లేని సామానుతో సారం తీయడం. రెండు, బీటా గ్లూకానేజ్ ఎంజైముతో గొలుసులను తెంచేసి, అప్పుడు ఆ మిగిలిన గులాబీ కూడా పోతుందో లేదో చూడటం. పోతే అది గ్లూకాన్ పనే.

నాకు ఈ ఫలితం నిరాశ కలిగించలేదు. పాలీమిక్సిన్ వరుస లేకపోయి ఉంటే ఎంతో అందమైన గ్రాఫుతో, పూర్తిగా తప్పు మాటతో థీసిస్ రాసేదాన్ని.

జనవరి, పేరు తేలలేదు, పని తేలింది

డీఎన్‌ఏ వరుస వచ్చింది. ఐటీఎస్ అనే భాగాన్ని చదివించాం, శిలీంద్రాలను గుర్తించడానికి అందరూ వాడేది అదే. గానోడెర్మా ప్రజాతి అనడంలో సందేహం లేదు. జాతి దగ్గరే చిక్కు. మన పాత పుస్తకాల్లో కొబ్బరి తెగులుకు కారణం గానోడెర్మా లూసిడమ్ అని ఉంటుంది. నిజమైన లూసిడమ్ ఐరోపాది. చైనాలో సాగుచేసే లింగ్‌ఝి దానికి వేరైన జాతి అని 2012లో దానికి గానోడెర్మా లింగ్‌ఝి అనే కొత్త పేరు ప్రతిపాదించారు. డేటాబ్యాంకులో లూసిడమ్ పేరుతో ఉన్న వరుసల్లో చాలావాటికి ఆ పేరు తప్పు. మాది చైనా లింగ్‌ఝి గుంపులో పడలేదు. కాబట్టి "లింగ్‌ఝిలో ఫలానా గానోడెరిక్ ఆమ్లం ఉంది, కాబట్టి మా దాంట్లోనూ ఉంటుంది" అనే వాక్యం నా థీసిస్‌లో ఉండదు. ఏముందో మేమే చూసుకోవాలి. ఇంకో జన్యువు, ఆర్‌పీబీ2, చదివించడానికి పంపాం.

ఇథనాల్ సారాన్ని సిలికా నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి, అందులోని పదార్థాలను ముక్కలుగా, అంటే భాగాలుగా, విడదీయడం మొదలైంది. ముందు హెక్సేన్, ఆపై ఇథైల్ ఎసిటేట్ వాటా పెంచుకుంటూ, చివర్లో మిథనాల్. ప్రతి ముక్కనూ సన్నని సిలికా పలక మీద చుక్క పెట్టి, నడిపించి, వెనిలిన్–సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడిచేస్తే ట్రైటర్పీన్లు ఉన్నచోట ఊదా మచ్చలు లేస్తాయి. మధ్య ముక్కల్లో మచ్చలు ఒత్తుగా ఉన్నాయి. వాటిని రెండు కణాల మీదా వేశాం. వాటిలో ఒక ముక్క విషయంలో మాత్రం ఎంసీఎఫ్-7 గీత, హెచ్‌ఈకే గీత కాస్త విడివడ్డాయి. విడివడింది కొంచెమే. మళ్లీ చేస్తే నిలబడుతుందో లేదో చూడాలి. ఈసారి వేరే తోట నుంచి, వేరే చెట్టు నుంచి తెచ్చిన పలకతో మొదటి నుంచీ చేయాలన్నారు మేడమ్. ఒకే చెట్టు ఫలితాన్ని గానోడెర్మా ఫలితం అనలేం.

తోట యజమానికి ఫోన్ చేశాను. బోదె పక్క చెట్టు పడిపోయిందట, కొట్టేసి గొయ్యి తవ్వి వేర్లతో సహా తీసేశారట. పక్క తోటలో, మందు వేయని ఇంకో రెండు చెట్ల దగ్గర పలకలు వచ్చాయని, అవి కోయకుండా ఆ రైతుతో చెప్పి ఉంచానని అన్నారు. ఈ ఆదివారం వెళ్తున్నాం. ఈసారి పలకతో పాటు అదే చెట్టు మొదట్లో మట్టి, మాను చెక్క ముక్క కూడా తేవాలి. మాను సారం విడిగా తీసి అదే కణాల మీద వేస్తే, మనం గొడుగుది అనుకుంటున్నది కొబ్బరి చెక్కదో కాదో తెలుస్తుంది. చేయాల్సిన వాటి జాబితాలో మొదటి స్థానం దానిదే. ఆ తర్వాత పాలీమిక్సిన్ వరుసతో కలిపి శుభ్రంగా పెంచిన మైసీలియం. దాని ఫ్లాస్కులు ఇవాళే షేకర్ మీద పెట్టాం.